హగరి దిబ్బ మీద జిగురు వాన

జ్యేష్ఠ పౌర్ణమి

పొద్దు పొడవక ముందే లేచాను. గాలి లేదు. షెడ్డు కప్పు మీద కర్రకు కట్టిన గుడ్డ పీలిక కదలకుండా వేలాడుతోంది. అది అలా ఉన్నంతసేపే మాకు పని.

ఈ రోజుతో పెద్ద దిబ్బ వీపంతా అయిపోయింది. ఈ పనిలో రెండు నిలువుల ఎత్తు దాటి ఎగరకూడదు. అంతకంటే పైకి పోతే జిగురు నేలను తాకేలోపే ఎండి నూకల్లా రాలుతుంది. ఇంకా కిందికి దిగితే రెక్కల గాలికి ఇసుక లేచి నాకే దారి కనబడదు. షెడ్డు తొట్లలో పెంచిన నాచు నుంచి తీసే జిగురిది. ఇసుక మీద పడి ఎండ తగిలిందంటే అప్పడంలా బిగుసుకుంటుంది. ఆ పొర కింది ఇసుకను ఆషాఢం గాలి కూడా లేపలేదు. మనిషి కాలు పడితే మాత్రం పటుక్కున విరుగుతుంది, విరిగిన చోట గాలి మళ్లీ తవ్వడం మొదలుపెడుతుంది. అందుకే పైనుంచి చల్లడం. వెనకటి డ్రోన్లు ఈ గాలికి నిలవలేదు, వాటి విడిభాగాలు చేసేవాళ్లూ ఇప్పుడు లేరు. హగరి ఏటి ఒడ్డు ఊళ్లన్నిటికీ కలిపి ఒక్క హెలికాప్టర్. దాన్ని నడిపేది నేను.

ఇక మిగిలింది నోరు. పెద్ద దిబ్బకూ ఏటి గట్టుకూ నడుమ ఉన్న సందును అందరూ అలాగే అంటారు. గాలి దాంట్లో దూరిందంటే ఇసుకంతా నేరుగా మా ఊరు కొత్తమల్లాపురం మీద పడుతుంది. నిరుడు పై వీధి పోయింది. ఆ ఇళ్లవాళ్లు ఇంకా బడి గదుల్లోనే వండుకుంటున్నారు.

జిగురు కలిపి ట్యాంకులో నింపేది వన్నూరప్ప. రేడియోలో నాతో మాట్లాడేదీ అతనే. సాయంత్రం తొట్టిలో చెయ్యి పెట్టి చూసి, "ఇంకా పాకం రాలేదక్కా. రేపు వద్దు, ఎల్లుండి ఎత్తుదాం," అన్నాడు. సరేనన్నాను. నోటి పని తొందరపడి చేసేది కాదు.

బహుళ చవితి

జైబున్ గదిలో పడుకుని రాస్తున్నాను. జైబున్ మా ఊరి నర్సు. ఎగిరిన ప్రతిసారీ ఈ పుస్తకంలో రాయాలన్నది ఇసుక సంఘం నియమం కాబట్టి విదియ నాటి సంగతి ఇప్పుడైనా రాయాలి. దిగిన చోటు అన్న గడిని ఖాళీగా వదిలేశాను.

ఆ పొద్దున గట్టు వైపు నుంచి మొదలుపెట్టాను. రెండు వరసలు సాఫీగా పడ్డాయి. మూడో వరస కోసం తిరిగేసరికి సూర్యుడు సరిగ్గా ఎదురొచ్చాడు. ఆ వెలుగులో వెంట్రుకలాంటిది ఒకటి మెరిసింది. తీగ అని తట్టి పైకెత్తబోయేలోపే నేలకానే కింది కమ్మీకి తగులుకుంది. ఎవరో పట్టి లాగినట్టు హెలికాప్టర్ గాలిలో ఆగింది. తర్వాత ముక్కు కిందికి వాలింది. రెక్కలు ఇసుకను కొట్టిన చప్పుడుకు ఒళ్లంతా అదిరింది. కళ్లు తెరిచేసరికి ఎడమ పక్కకు ఒరిగి పడి ఉన్నాను. ఎడమ కాలు పెడళ్ల కింద ఇరుక్కుంది. బ్యాటరీ పొగ చూసి స్విచ్చి కట్టేయడం మాత్రం మర్చిపోలేదు.

నిప్పు లేదని ఊపిరి పీల్చుకుంటుంటే వెనక బుడబుడమని శబ్దం వచ్చింది. ట్యాంకు పగిలింది. జిగురు నా భుజాల మీదుగా ఒడిలోకి కారుతోంది. చల్లగా, హాయిగా కూడా ఉంది కాసేపు. పగిలిన అద్దంలోంచి ఎండ నా మీదే పడుతోంది. కొంచెం కొంచెంగా చేతులు కదలడం మానేశాయి. తర్వాత పక్కటెముకల చుట్టూ బిగుతు మొదలైంది. వదిలిన ఊపిరి మళ్లీ పూర్తిగా తీసుకునే చోటు లేదు. ఊళ్లో ఇళ్లను కాపాడటానికి నేను ఇన్నేళ్లుగా చల్లుతున్నది నన్ను బతికుండగానే బిగిస్తోంది.

వన్నూరప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని కాళ్ల కింద కొత్త పొర పటపటా విరుగుతోంది.

"పొర తొక్కొద్దు," అని అరిచానట.

"పొర సంగతి తర్వాత చూసుకుందాంలే అక్కా. నువ్వు ముందు ఊపిరి పీల్చు," అన్నాడు. గోళ్లతో పీకబోయి, అయ్యేపని కాదని తెలిసి, రేడియో అందుకుని ఊరికి చెప్పాడు: ఎవరింట్లో చింతపండు ఉంటే వాళ్లు నానబెట్టి తెమ్మని. షెడ్డులో ఆడవాళ్లు చేతులకంటిన జిగురు కడుక్కునేది చింతపండు నీళ్లతోనే.

వచ్చారు. బిందెలు, చెంబులు, తపేలాలు. చెయ్యి మారుస్తూ దిబ్బ దిగువ వరకూ వరస కట్టారు. పుల్లటి నీళ్లు తల మీద నుంచి పోస్తుంటే ఛాతీ మీద పొర వదులై పెచ్చులుగా జారింది. మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకున్నప్పుడు ఏడ్చాను. తొందరలో ఎవరో పొయ్యి మీది చారు కూడా తెచ్చి పోశారు. నా మెడ దగ్గర తాలింపు ఆవాలు దొరికాయని జైబున్ తర్వాత చెప్పింది.

కాలు మోకాలి కింద విరిగింది. జైబున్ కట్టు కట్టింది. నడక ఎప్పటికని అడిగితే, "ముందు కదలకుండా ఉండడం నేర్చుకో," అంది.

బహుళ సప్తమి

సంఘం పెద్ద ఓబులమ్మ పొద్దున్నే వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఆమె కూర్చోలేదంటే చెడ్డ కబురు.

"అనంతపురం నుంచి కబురొచ్చింది పాపా. శ్రావణం వచ్చేదాకా ఇంకో మిషను లేదంట. గుట్ట మీదికి పోదామంటాండారు అందరూ."

"నువ్వేమంటావు పెద్దమ్మా?"

"నాకి ఇది రెండో ఊరు. మొదటిది ఆ దిబ్బ కిందుండాది. మూడోది కట్టే ఓపిక నాకి లేదు. అట్లని పిల్లోళ్లను ఇసుకలో పెట్టుకోని కూర్చోలేను కదా."

గుట్ట మీద నీళ్లు లేవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. హెలికాప్టర్‌లో ఏమేం బాగున్నాయో చూసి రమ్మని వన్నూరప్పను అప్పటికే పంపి ఉన్నాను. చిమ్మే గొట్టాలు, పంపు, నాజిళ్లు చెక్కుచెదరలేదని చెప్పాడు.

"నేల మీద నుంచి చల్లుదాం," అన్నాను.

"తొక్కితే విరుగుతుందని ఇన్నేండ్లు నువ్వే చెప్పినావు."

"చల్లినదాన్ని తొక్కితే విరుగుతుంది పెద్దమ్మా. గట్టు కాడ మొదలుపెట్టి ఊరి దిక్కుకు వెనక్కి నడుచుకుంటా వద్దాం. చల్లింది ముందరుంటాది, కాళ్లు వెనకుంటాయి."

ఆమె అప్పుడు మంచం అంచున కూర్చుంది. "పంపుకు కరెంటు?"

హెలికాప్టర్ బ్యాటరీ కాలిపోయింది. ఆలోచిస్తానన్నాను.

మధ్యాహ్నం తిప్పేస్వామి వచ్చాడు. ఏటి గట్టు కింద కర్బూజా తోట ఆయనది. గడప అవతలే కూర్చుని తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తీగ నాది," అన్నాడు.

జైబున్ చేతిలో ఉన్న గిన్నె పెట్టేసి బయటికి వెళ్లిపోయింది.

"నేను ఆ దారిలో ఎగురుతానని తెలుసు కదన్నా."

"తెలుసు. రెండు దినాలు ఎగరవని విన్నా. ఆ సందులో ఏటి ఇసుకలో పంపు పెట్టి, దానికి కరెంటు తీగ లాగి, తోటకు ఒక తడి ఇచ్చి, విప్పేద్దామనుకుంటి. తెల్లారేటప్పటికి నువ్వు పైనుండావు. చెయ్యెత్తి అరిచినా. నీకెట్ల వినపడుతాది?"

"నీకు బావి ఉంది కదా. ఏటి నీళ్లేంటికి?"

"బాయిలో నీళ్లు యాడుండాయి మారెక్కా? నీ పొర పడినప్పటి నుంచి చుక్క దిగలే. వాన పడితే పెంకు మీద పడినట్ల జారి ఏట్లోకి పోతాది. సంఘంలో రెండుతూర్లు చెప్పినా. ఊరు నిలబడాల్నా, నీ తోట నిలబడాల్నా అనిరి."

"నాతో ఒక్కసారీ చెప్పలేదే."

"నువ్వెప్పుడు కిందికి దిగినావని చెప్పేది?" అన్నాడు. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అడిగాడు.

కోపం రాలేదని రాస్తే అబద్ధం. కాలు సలుపుతోంది. ఆ తీగ కమ్మీకి కాక అద్దానికి తగిలి ఉంటే ఈ మాటలు వినడానికి నేను ఉండేదాన్ని కాదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆయన వెళ్లలేదు. అరుస్తానేమో, సంఘానికి కబురు పెడతానేమో అని కాచుకుని కూర్చున్నాడు. ఆ గోడను చూస్తుంటేనే అనిపించింది, ఏడేళ్లుగా ఆ బావి మీదుగా ఎగురుతున్నాను, అది నాకు ఒక నల్లటి చుక్క.

"ఆ తీగలో కరెంటు ఇంకా వస్తాందా?" అని అడిగాను.

"ఒక కొస తెగింది. అతికిస్తే వస్తాది."

"అతికించు. నీ ఎడ్లు కూడా కావాల."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. సంఘానికి తనే చెప్పుకుంటానన్నాడు, చెప్పుకున్నాడు కూడా. ఓబులమ్మ ఏమందో నేను అడగలేదు.

బహుళ దశమి

నన్ను నులక మంచంతో సహా మోసుకొచ్చి నోటికి ఊరివైపు కొసన దించారు. జైబున్‌కు ఇష్టం లేదు. గొడుగు మాత్రం తనే తెచ్చి కట్టింది.

హెలికాప్టర్ రెక్కల్లో విరగనివి రెండు పక్కపక్కన పరిచి, మీద పలకలు బిగించి, జిగురు డ్రమ్ములు ఎక్కించారు. ఇసుకలో చక్రాలు దిగబడతాయి, ఇది జారుతుంది. దిబ్బ అడుగున చెమ్మ ఉన్న దారిలో తిప్పేస్వామి ఎడ్లు లాగాయి. గొట్టాన్ని ఆడవాళ్లు వరసగా పట్టుకుని వాలు మీదికి ఎక్కించారు. చిమ్మే కమ్మీని ఇద్దరు భుజాల మీద పెట్టుకున్నారు.

పొద్దున పూటంతా వృథా. నాజిళ్లు పూడుకుపోయాయి. వెనక్కి నడిచేవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. కమ్మీ ఒక వైపు వాలి జిగురంతా ఒకేచోట మడుగు కట్టింది. రెండు కుటుంబాలవాళ్లు బొంతలు మూటగట్టుకుని గుట్టకు వెళ్లిపోయారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం నాజిళ్లన్నీ చింతపండు నీళ్లలో నానబెట్టించి, కమ్మీకి నడుమ ఇంకొకర్ని పెట్టాను. గొంతు పోయేదాకా "వెనక్కి, వెనక్కి, ఆగండి," అంటూనే ఉన్నాను. ఎండ వాలేటప్పటికి ఒక ఇంటి వెడల్పున పొర పడింది. నేను పైనుంచి అంత మేర రెప్పపాటులో దాటేదాన్ని. వన్నూరప్ప వేలితో తట్టి చూసి నా వైపు తల ఊపాడు.

జ్యేష్ఠ అమావాస్య

గుడ్డ పీలిక కదులుతోంది. ఇంకా పొద్దున పూటే, అదీ కాసేపే. అయినా కదులుతోంది.

నోరు మూడొంతులు మూసుకుంది. మిగిలింది నడుమ పల్లం, దాని చుట్టూ అంచు. తొట్లలో జిగురు రెండిటికీ చాలదు. ఒక ట్యాంకు నాతోపాటే పోయింది కదా. నన్ను కాపాడటానికి తొక్కిన చోటంతా మళ్లీ చల్లాల్సి వచ్చింది. కొత్త నాచు పెరిగే వ్యవధి లేదు.

"పల్చగా కొట్టి అంతా మూసేద్దాం," అంది ఓబులమ్మ.

"పల్చటి పొర మొదటి గాలికే లేస్తాది పెద్దమ్మా."

తిప్పేస్వామి ఎడ్లను నీడకు కట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. "పల్లాన్ని వదిలేయండి," అన్నాడు. "వాన నీళ్లు దిగే దారి అదొక్కటే ఉండాది."

"నీ బాయి కోసరం ఊరిని పణం పెట్టమంటావా?" ఓబులమ్మ గొంతు పెద్దది చేసింది. గొట్టం పట్టుకున్నవాళ్లందరూ ఇటు తిరిగారు. తీగ సంగతి వాళ్లు ఇంకా మర్చిపోలేదని ఆ చూపుల్లో తెలుస్తోంది.

ఆయన నన్ను చూశాడు.

మంచాన్ని పల్లం దగ్గరికి మోయమన్నాను. పైనుంచి చూసినన్నాళ్లూ పల్లమూ దిబ్బా నాకు ఒకటే రంగు. ఇప్పుడు చెయ్యి కిందికి వాల్చి పిడికెడు తీసి చూశాను. గరుకు ఇసుక, బరువైనది. వేలు లోపలికి పోనిస్తే చెమ్మ తగిలింది. దిబ్బ మీది ఇసుక పిండిలా ఎగిరేది, ఇది ఎగిరేది కాదు. అరచేతిలో పోసుకుని ఊదాను. కదల్లేదు. ఓబులమ్మ అరచేతిలో పోసి తననూ ఊదమన్నాను. ఊదింది. ఆమె మొహంలో కోపం పోలేదు కానీ గొంతు తగ్గింది.

"ఎగరదని రాసిస్తావా?"

"ఇయ్యను. ఎగరదని అనుకుంటాండా. అంచు మీద మాత్రం రెండు వరసలు మందంగా కొట్టాల. పల్లంలో కంపతో అడ్డం కడదాం. జిగురు దానికే సరిపోతాది. ఇంకో దారి నాకి కనపళ్లేదు."

ఆమె చేతిలోని ఇసుకను మెల్లగా కిందికి జార్చింది. "ఈ తూరి కూడా మూట కట్టాల్సొస్తే, నా మూట మొయ్యాల్సింది నువ్వే," అని తిప్పేస్వామితో అంది.

"మోస్తా," అన్నాడాయన.

తుమ్మ కంప కొట్టడానికి ఊళ్లో ఉన్నవాళ్లంతా వెళ్లారు.

ఆషాఢ శుద్ధ చవితి

మొన్న పొద్దున ఆకాశం ఎర్రబడింది. ఆషాఢం గాలి వచ్చిందని అందరికీ తెలిసిపోయింది. తలుపుల సందుల్లో తడిగుడ్డలు కుక్కి, బడి గదుల్లోకి చేరాం. గాలి ఊదడం కాదు, బరువైనది ఏదో గోడకు ఆనుకుని నెడుతున్నట్టు ఉంది. తిప్పేస్వామి నోటివైపు గోడ పక్కన కూర్చున్నాడు, చెవి గోడకు పెట్టి వింటున్నాడు. ఏం వినబడుతోందని అడిగితే, "ఏమీ లేదు, అదే మంచిది," అన్నాడు. ఇసుక వీధిలోకి దిగితే గోడకు కంకర విసిరినట్టు శబ్దం వస్తుంది. నిరుడు విన్నాం.

ఈ రోజు కాస్త తెరిపిచ్చింది. వన్నూరప్ప మొహానికి గుడ్డ చుట్టుకుని వెళ్లి చూసి వచ్చాడు. దులుపుకోవడం కూడా మానేసి మాట్లాడాడు.

దిబ్బ వీపు నిలిచింది. అంచు ఒక మూల లేచింది, మిగతాది నిలిచింది. పల్లంలో కంప మోకాలి లోతున పూడుకుంది కానీ ఇసుక దాన్ని దాటలేదు. తిప్పేస్వామి కర్బూజా తోట మాత్రం కనబడటం లేదట. గట్టు వెనక నుంచి తిరిగి వచ్చిన ఇసుక తోటను కప్పేసింది. ఆ పక్కనే హెలికాప్టర్ కూడా, తోక కొస తప్ప.

తిప్పేస్వామి విన్నాడు. "తోట ఎట్లైనా ఎండేదే," అన్నాడు. కాసేపటికి లేచి ఎడ్లకు మేత వేయడానికి వెళ్లాడు. లేచిన మూలను సరిచేయడానికి తొట్టి అడుగున ఎంత జిగురు గీకొచ్చో చూడమని వన్నూరప్పకు చెప్పాను. ఇంకా ఆషాఢమంతా ఉంది.

శ్రావణ శుద్ధ నవమి

వారం కింద పెద్ద వాన పడింది. నిన్న చంకకర్ర మీద తిప్పేస్వామి బావి దాకా నడిచాను. వంగి చూస్తే అడుగున నా మొహం కనబడింది. లోతేమీ లేదు, బిందె మునిగేంత. పంట పెట్టడానికి చాలదని ఆయనే అన్నాడు. కానీ రోజుకు కొంచెం ఊరుతోందట. కొత్త విత్తనం పల్లం పక్కన వేస్తానన్నాడు, ఈసారి తీగను నేలలో పూడ్చి వేస్తానని కూడా. గుట్ట మీదికి వెళ్లిన రెండు కుటుంబాలూ దిగి వచ్చాయి. ఓబులమ్మ తన మూట విప్పిందో లేదో ఎవరికీ తెలియదు.

అనంతపురం నుంచి హెలికాప్టర్ వచ్చింది. పాతదే, రంగు కొత్తది. సంఘంలో రెండు మాటలు చెప్పాను. ఏ ఊరి మీద ఎగిరినా ముందు ఆ నేలను నడిచి చూస్తాను. నీళ్లు దిగే పల్లాల మీద చల్లను. ఆలస్యమవుతుందని ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆలస్యమైనా సరేనని ఓబులమ్మే అంది.

శ్రావణ బహుళ పాడ్యమి

గంగలకుంట. ఎగువన ఉన్న ఊరు. పొద్దున్నుంచి కర్ర ఊతంతో ఇల్లిల్లూ తిరిగాను. మీ బావి ఎక్కడ, నీళ్లెట్లా ఉన్నాయి, తీగలు ఎక్కడ కట్టారు. సగంమంది నాకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు.

ఊరి చివర ఒక ముసలావిడ గుడిసె ముందు రాగులు చెరుగుతోంది. నా కాలు చూసింది, కర్ర చూసింది.

"ఎగిరేదానివి, నడుచుకుంటా వచ్చినావేంది?"

"ఎగిరే ముందు అడిగిపోదామని వచ్చినా అవ్వా."

చేట పక్కన పెట్టి లేచింది. నాకంటే మెల్లగా నడుస్తోంది. గుడిసె వెనక, ఏటి వాలులో, రెండు తుమ్మ చెట్లను చూపించింది. మేకల దొడ్డికి దీపం కోసం ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు కొడుకు తీగ కట్టాడట. వాడు సంతకు పోయాడు, వచ్చేదాకా విప్పేవాళ్లు లేరు. "కనపడదులే, సన్నది," అంది.

వన్నూరప్ప ట్యాంకు నింపాడు. కాలు పెడల్ మీద పెట్టగానే చెమటలు పట్టాయి. అరచేతులు తుడుచుకుని ఎత్తాను.

మొదటి వరస వాలు వెంబడే. తుమ్మ చెట్లు దగ్గరకొచ్చాయి. ఆమె చూపిన చోట నాకేమీ కనబడలేదు, ఖాళీ గాలి తప్ప. తీగ ఉందనే నమ్మి పైకెత్తి దాటాను.